సివిక్స్ మళ్లీ మొదలుపెడదాం: బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్ల కోసం

స్కూల్లో పరీక్షకి ముందు రోజు రాత్రి మాత్రమే తెరిచిన సబ్జెక్టు ఏదైనా ఉందంటే అది సివిక్సే. ప్రాథమిక హక్కులు ఆరు, ప్రాథమిక విధులు పదకొండు, నాలుగు మార్కులు వచ్చేశాయి, పుస్తకం మూసేశాం. ఇప్పుడేమో మారతహళ్లిలోనో కె.ఆర్.పురంలోనో అద్దెకుంటూ, ఓటు ఊళ్లో, పిల్లల చదువు ఇక్కడ, ఆధార్‌లో ఇంకెక్కడిదో పాత అడ్రసు, వీధిలో కాలువ పొంగితే "మనం ఇక్కడోళ్లం కాదు కదా, అడిగితే బాగోదేమో" అని తలుపేసుకుంటాం. అదే మనిషి సాయంత్రం వాట్సాప్‌లో ఎవరో పంపిన "ఈ ఆర్టికల్ చెప్తే పోలీసులు వదిలేస్తారు" అన్న మెసేజ్‌ని పది గ్రూపుల్లోకి తోస్తాడు.

ఈ సబ్జెక్టుని పెద్దయ్యాక మళ్లీ చదవాలనుకునేవాళ్లకి, పిల్లలకి చెప్పాలనుకునేవాళ్లకి ఇది పనికొస్తుంది. గ్రూప్-2కో సివిల్స్‌కో ప్రిపేరవుతున్నవాళ్లకి కూడా కొంత ఉపయోగమే, కానీ బిట్ల కోసం చూసేవాళ్లు నిరాశపడతారు.

ఏం పుస్తకం పట్టుకోవాలి

గైడ్లు వద్దు. రాజ్యాంగమే తెరవండి. కేంద్ర న్యాయశాఖ లెజిస్లేటివ్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైటులో తెలుగు ప్రతి ఉచితంగా దొరుకుతుంది. నిజం చెప్పాలంటే ఆ తెలుగు చాలా బరువుగా ఉంటుంది, ఒక్కో వాక్యం ఊపిరి తీసుకోనివ్వదు. పక్కన ఇంగ్లీషు ప్రతి కూడా పెట్టుకుని, తెలుగు అర్థం కానిచోట ఇంగ్లీషు, ఇంగ్లీషు అర్థం కానిచోట తెలుగు చూస్తూ పోతే నడుస్తుంది. చట్టాలకైతే ఇండియా కోడ్ అనే ప్రభుత్వ సైటు ఉంది.

ఆర్టికల్ 1 నుంచి మొదలుపెట్టకండి, పదో పేజీకే నిద్రొస్తుంది. నేరుగా మూడో భాగానికి వెళ్లండి, ఆర్టికల్ 12 నుంచి 35 వరకు, అవి ప్రాథమిక హక్కులు. ఆ తర్వాత 4ఎ భాగం, అందులో ఉన్నది ఒక్కటే ఆర్టికల్, 51ఎ, అవి విధులు. మధ్యలో ఉన్న ఆదేశిక సూత్రాలు మొదటిసారి పైపైన చూసి వదిలేయొచ్చు.

చదివేటప్పుడు ప్రతి హక్కుకీ నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఎవరికి? ఎవరి మీద? ఎంతవరకు? కాదంటే ఎక్కడికి వెళ్లాలి? ఈ నాలుగింటికీ జవాబు రాసుకోకుండా ఆర్టికల్ నంబరు గుర్తుపెట్టుకుంటే దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మన సంగతే తీసుకుందాం. ఆంధ్రా నుంచో తెలంగాణ నుంచో వచ్చి బెంగళూరులో ఉండే హక్కు ఎక్కడుంది? 19(1)(ఇ)లో: దేశంలో ఏ ప్రాంతంలోనైనా నివసించవచ్చు, స్థిరపడవచ్చు. ఎవరికి? పౌరులకి మాత్రమే. ఎంతవరకు? కిందనే 19(5) ఉంది, సాధారణ ప్రజల ప్రయోజనం కోసం గానీ షెడ్యూల్డు తెగల రక్షణ కోసం గానీ సమంజసమైన ఆంక్షలు పెట్టొచ్చు. కాదంటే ఎక్కడికి? 226 కింద హైకోర్టుకి, అంటే విధానసౌధ ఎదురుగా ఉన్న ఆ ఎర్రటి భవనానికి, లేదా 32 కింద సుప్రీంకోర్టుకి. ఆ 32 కూడా ప్రాథమిక హక్కే, హక్కు కాపాడమని అడగడమే ఒక హక్కు.

"ఎవరికి" అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో తెలియాలంటే మీ అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఉన్న నేపాలీ సెక్యూరిటీ గార్డుని తలుచుకోండి. ఆయనకి 14 వర్తిస్తుంది, 21 వర్తిస్తుంది, ఎందుకంటే అవి "ఏ వ్యక్తికైనా" అంటాయి. 19 మాత్రం వర్తించదు, అది పౌరులకే. మరి ఆయన ఇక్కడెలా ఉంటున్నాడంటే అది 1950 నాటి భారత్-నేపాల్ ఒప్పందం వల్ల, రాజ్యాంగం వల్ల కాదు. 15, 16, 29, 30 పక్కన కూడా ఎవరికి అన్నది రాసుకోండి, చదువుతుంటే మీకే తేడా కనిపిస్తుంది.

"ఎవరి మీద" అన్నది ఇంకా ఎక్కువ మంది తప్పే ప్రశ్న. నాన్‌వెజ్ తింటారని ఇల్లు అద్దెకివ్వనన్న ఓనరుకి ఆర్టికల్ 15 చదివి వినిపిస్తే ఆయన తలుపేసుకుంటాడు, ఎందుకంటే 15(1) ప్రభుత్వాన్ని కట్టేస్తుంది, 15(2) దుకాణాలు, హోటళ్లు, వినోదశాలలు, బావులు, చెరువులు, రోడ్ల లాంటి వాటి దాకా వెళ్తుంది, ఆయన సొంతింటి మీదికి నేరుగా రాదు. కోపం రావడం వేరు, ఆ ఆర్టికల్ పనిచేయడం వేరు. అదే అంటరానితనం నిషేధించే 17, వెట్టిచాకిరీని నిషేధించే 23, ప్రమాదకరమైన పనుల్లో పిల్లల్ని పెట్టొద్దనే 24, ఇవి ప్రైవేటు మనుషుల మీద కూడా పనిచేస్తాయి.

ఒక్క హక్కుని పట్టుకుని చివరిదాకా వెళ్లండి

అన్నీ కొంచెం కొంచెం చదవడం కన్నా ఒక్కదాన్ని మొదటినుంచి చివరిదాకా తవ్వడం మేలు. ఏది తవ్వాలంటే నేను చదువు హక్కునే చెప్తాను, ఎందుకంటే అది సగం కర్ణాటక కథ, సగం ఆంధ్ర కథ.

1989లో కర్ణాటక ప్రభుత్వం ప్రైవేటు మెడికల్ కాలేజీల ఫీజులు నిర్ణయిస్తూ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ప్రభుత్వ కోటా సీటుకి ఏడాదికి 2,000, కర్ణాటక విద్యార్థులకి 25,000 మించకుండా, బయటి రాష్ట్రాలవాళ్లకి 60,000 మించకుండా. మీరట్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఈ లెక్కని ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టుకి వెళ్లింది, అదే 1992 నాటి మోహినీ జైన్ కేసు. చదువు హక్కు అనేది జీవించే హక్కులోనే ఉందని, క్యాపిటేషన్ ఫీజు (సీటు కోసం అదనంగా వసూలు చేసే డబ్బు) చెల్లదని కోర్టు చెప్పింది. మరుసటి ఏడాదే, 1993లో, ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ వచ్చింది. అందులో ఐదుగురు జడ్జీలు కాస్త సర్దారు: పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కే, ఆ పైన ప్రభుత్వ ఆర్థిక స్తోమతని బట్టి. తర్వాత 2002లో 86వ సవరణ, అందులో 21ఎ, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి ఉచిత నిర్బంధ విద్య. 2009లో విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు.

ఇక్కడ ఆగి ఆ 86వ సవరణనే ఇంకోసారి చూడండి. అదే సవరణ 51ఎ చివర (కె) అనే పదకొండో విధిని కూడా చేర్చింది: ఆరు నుంచి పద్నాలుగేళ్ల బిడ్డకి చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల విధి. అంటే పిల్లలకి హక్కు, ప్రభుత్వానికి బాధ్యత, అమ్మానాన్నలకి విధి, మూడూ ఒకే కాగితంలో వచ్చాయి. హక్కులు ఒక చాప్టరు, విధులు ఇంకో చాప్టరు అని విడదీసి చదవడం వల్లే ఈ ముడి మనకి కనిపించదు.

కథ అక్కడితో అయిపోలేదు. చట్టంలో 12(1)(సి) అని ఒక సెక్షన్ ఉంది, ప్రైవేటు స్కూళ్లలో ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద, వెనకబడిన వర్గాల పిల్లలకి ఇవ్వాలని. 2019లో కర్ణాటక తన రూల్ మార్చింది, దగ్గర్లో ప్రభుత్వ స్కూలో ఎయిడెడ్ స్కూలో ఉంటే ప్రైవేటు స్కూలు ఆ సీట్లు ఇవ్వక్కర్లేదని. బెంగళూరులాంటి ఊళ్లో దగ్గర్లో ఏదో ఒక ప్రభుత్వ స్కూలు ఉండని వీధి ఎక్కడుంది? రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు, పార్లమెంటు చట్టం అలాగే ఉంది, కింద రాష్ట్రం రాసుకున్న రూలు ఒకటి మారేసరికి మన వంటామె కొడుక్కి దొరకాల్సిన సీటు పోయింది. అందుకే చెప్తున్నా, ఆర్టికల్ దగ్గర ఆగొద్దు, చట్టం, ఆ చట్టం కింద రూల్సు, ఆ రూల్సు కింద సర్క్యులర్ దాకా దిగాలి.

భాష సంగతి

ఇది మనకి ప్రత్యేకం కాబట్టి కొంచెం వివరంగా. ఆర్టికల్ 29 సొంత భాష, లిపి, సంస్కృతి ఉన్న ఏ పౌర సమూహానికైనా వాటిని కాపాడుకునే హక్కునిస్తుంది. 30 భాషా మైనారిటీలకి సొంత విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు. కర్ణాటకలో తెలుగువాళ్లం భాషా మైనారిటీయే, ఊళ్లో మెజారిటీ అయినా సరే. 350ఎ ప్రైమరీ స్థాయిలో మాతృభాషలో చదువుకి సదుపాయాలు కల్పించడానికి ప్రయత్నించాలని రాష్ట్రానికి చెప్తుంది. ఇవన్నీ ఒకెత్తు, 350 ఒకెత్తు: ఏదైనా బాధ ఉంటే కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు.

అయితే ఆర్టీఐ దరఖాస్తుకి ఇది చెల్లుతుందనుకోకండి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 6 ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాష అని రాసింది, అంటే బెంగళూరులో ఇంగ్లీషో హిందీయో కన్నడమో. అర్జీ వేరు, ఆర్టీఐ వేరు. ఇంకో మాట కూడా అనాలి. హక్కుంది కదా అని వార్డు ఆఫీసులో తెలుగు అర్జీ పెట్టి పంతానికి పోవడం కన్నా, పక్కింటి కన్నడ అంకుల్‌ని అడిగి రెండు పేరాలు కన్నడలో రాయించుకుంటే పని తొందరగా అవుతుంది. పక్క రాష్ట్రంలో బతుకుతూ ఆ భాషలో నాలుగు ముక్కలు నేర్చుకోవడం 51ఎలో లేకపోయినా, ఉండాల్సిన సంగతే.

విధులు

విధుల గురించి మొదట తెలుసుకోవాల్సింది అవి ఎప్పుడు వచ్చాయన్నది. గాంధీనగర్ దగ్గర ఫ్రీడమ్ పార్కుకి ఒకసారి పిల్లల్ని తీసుకుని వెళ్లండి. అది పాత సెంట్రల్ జైలు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టగానే బెంగళూరులో ఉన్న వాజ్‌పేయిని, అద్వానీని అరెస్టు చేసి అక్కడే పెట్టారు. అలా జైళ్లలో పడ్డవాళ్లు హైకోర్టులకి వెళ్తే, కర్ణాటకతో సహా కొన్ని హైకోర్టులు వాళ్ల మాట విన్నాయి, 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మాత్రం ఎమర్జెన్సీలో ఆ తలుపు మూసేసింది, హెచ్.ఆర్. ఖన్నా అనే ఒక్క జడ్జి కాదన్నాడు. ఆ ఏడాదే, అదే ప్రభుత్వం, 42వ సవరణతో పది ప్రాథమిక విధులు చేర్చింది. ముందు హక్కులు లాక్కుని తర్వాత విధులు చేతిలో పెట్టారన్నమాట. దీన్నిబట్టి విధులు చెడ్డవని నేననను, (జి) అనే క్లాజు చదవండి, అడవులు, చెరువులు, నదులు, జంతువుల్ని కాపాడమంటుంది, బెళ్లందూరు చెరువు నురగ చూసినవాళ్లెవరూ దాన్ని కాదనలేరు. కానీ ఎవరైనా "ముందు విధులు, తర్వాతే హక్కులు" అని లెక్చరిస్తుంటే ఈ చరిత్ర గుర్తుండాలి. 1978లో 44వ సవరణ వచ్చాక ఎమర్జెన్సీలో కూడా 20, 21 ఆర్టికల్స్‌ని తాత్కాలికంగా సైతం ఆపలేరు.

రెండోది, 51ఎలో ఏం లేదో చూడండి. ఓటు వేయడం లేదు. పన్ను కట్టడం లేదు, ఈ విధుల్ని సిఫార్సు చేసిన స్వరణ్ సింగ్ కమిటీ దాన్ని చేర్చమన్నా చేర్చలేదు. పన్ను ఎగ్గొడితే శిక్ష పడేది వేరే చట్టాల కింద. 51ఎ ఒక్కదాన్ని పట్టుకుని ఎవర్నీ జైల్లో పెట్టలేరు, దాని వెనక ఒక చట్టం ఉండాలి.

మూడోది, విధికి, హక్కుకి గొడవొస్తే కోర్టు ఎలా తేలుస్తుందో చదవడానికి 1986 నాటి బిజో ఇమాన్యుయేల్ కేసు చదవండి. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతం వస్తుంటే గౌరవంగా నిలబడ్డారు కానీ తమ మతవిశ్వాసం వల్ల పాడలేదు, స్కూలు నుంచి పంపేశారు. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి రాసిన తీర్పు వాళ్లని తిరిగి చేర్చుకోమంది. చిన్న తీర్పు, ఒక గంటలో అయిపోతుంది, భాష కూడా హాయిగా ఉంటుంది. తీర్పులు చదవడం అలవాటవ్వాలంటే దీనితోనే మొదలుపెట్టమంటాను.

ఓటు గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మనలో చాలామందికి రెండు చోట్లా ఉంది. 2024లో బెంగళూరులో పోలింగు ఏప్రిల్ 26న, ఆంధ్రా, తెలంగాణల్లో మే 13న. మధ్యలో రెండు వారాలకి పైగా ఉంది కదా, మైసూరులో తయారయ్యే ఆ సిరా కాస్త మాసిపోతుంది కదా అని లెక్కలేసుకున్నవాళ్లు నాకు తెలుసు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒకరి పేరు ఒక నియోజకవర్గంలోనే ఉండాలి, తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ. సెక్షన్ 20 ఇంకో మాట కూడా అంటుంది: ఊళ్లో ఇల్లుందన్నంత మాత్రాన మీరు ఆ ఊరి నివాసి అయిపోరు. అలాగే తాత్కాలికంగా బయటికి వెళ్లినంత మాత్రాన ఆ ఊరి నివాసి కాకుండా కూడా పోరు. మీరు తాత్కాలికమా కాదా అన్నది మీ మనసుకే తెలియాలి, పదేళ్లయితే నాకు డౌటే. ఇక్కడికి మార్చుకోవాలంటే ఫారం 8, మొదటిసారి అయితే ఫారం 6, హెల్ప్‌లైన్ 1950.

చేతులతో నేర్చుకోవడం

చదివింది ఒంటపట్టాలంటే ఒక ఆర్టీఐ వేయాలి. నీళ్లలోకి దిగకుండా ఈత నేర్చుకోలేం కదా, ఇదీ అంతే. మీ వీధి కాలువ తీసుకోండి. ముందు ఆఫీసు ఎవరిదో తెలుసుకోవాలి, 2025లో బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, మీది ఏదో చూసుకోండి. పొరపాటున వేరే ఆఫీసుకి పంపినా ఫర్వాలేదు, సెక్షన్ 6(3) ప్రకారం ఐదు రోజుల్లో వాళ్లే సరైనచోటికి పంపాలి.

"మా కాలువ ఎందుకు బాగు చేయట్లేదు?" అని రాస్తే మీ పది రూపాయలు వేస్ట్. "ఎందుకు" అన్నది సమాచారం కాదు, కాగితం అడగాలి. ఇలా రాయండి: ఫలానా వీధిలో 2023 ఏప్రిల్ నుంచి నేటివరకు మంజూరైన కాలువ పనుల వర్క్ ఆర్డర్ నకలు, ఆ పనుల కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్ పేజీల నకలు, చెల్లించిన బిల్లుల నకలు, పని పాడైతే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన గడువు (డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్) ఎప్పటిదాకా ఉందో చూపే కాగితం నకలు. అంతే. కర్ణాటక రూల్ ప్రకారం దరఖాస్తు 150 మాటలు దాటకూడదు, ఒకే విషయం మీద ఉండాలి, చాలామందివి దీనికే తిరిగొస్తాయి. ఫీజు 10 రూపాయలు, పోస్టాఫీసులో పోస్టల్ ఆర్డర్ తీసుకోవచ్చు, రాష్ట్ర ప్రభుత్వ శాఖలకి ఆన్‌లైన్ పోర్టల్ కూడా ఉంది. ఎందుకు కావాలని వాళ్లడిగితే చెప్పక్కర్లేదు, సెక్షన్ 6(2).

సర్టిఫికెట్లు, ఖాతా (ఆస్తి రికార్డు) లాంటి వాటికి ఆర్టీఐ అక్కర్లేదు, కర్ణాటకలో 2011 నాటి సకాల చట్టం ఉంది. ఒక్కో సేవకి ఇన్ని రోజులని గడువుంటుంది, దాటితే రోజుకి 20 రూపాయల చొప్పున 500 దాకా పరిహారం. డబ్బు చిన్నదే, కానీ దరఖాస్తు ఇచ్చినప్పుడు సకాల నంబరున్న రసీదు అడిగి తీసుకోండి, ఆ నంబరు చేతిలో ఉంటే కౌంటర్లో మాట తీరే మారుతుంది. విధానసౌధ మీద "ప్రభుత్వ పని దేవుడి పని" అని కన్నడలో చెక్కారు, దేవుడి పనికి గడువు పెట్టింది మాత్రం ఈ చట్టమే.

పోలీసుల విషయం క్లుప్తంగా. ఆర్టికల్ 22: అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, లాయర్ని కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. లాయరుకి డబ్బుల్లేకపోతే 15100కి ఫోన్ చేయండి, ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంటుంది.

ఫ్రీడమ్ పార్కు దగ్గర ఇంకో పాఠం మిగిలిపోయింది. 19(1)(బి) ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు ఇస్తుంది, 19(3) ఆంక్షలు పెట్టనిస్తుంది, 2021 నాటి పోలీసు ఆర్డరు బెంగళూరులో ధర్నాలన్నీ ఈ పార్కులోనే చేయాలంది. ఊరంతటికీ ఒకే చోటంటే అది సమంజసమైన ఆంక్షా కాదా? ఇంట్లో పిల్లలుంటే వాళ్లని రెండు జట్లు చేసి వాదించమనండి, బోరు కొట్టే ప్రశ్న కాదు. వాదన ఎలా ఉంటుందో తెలియాలంటే కర్ణాటక హైకోర్టు విచారణలు యూట్యూబ్‌లో లైవ్ వస్తాయి, ఒక మధ్యాహ్నం చూపించండి.

మళ్లీ మీ ఆర్టీఐకి వద్దాం. ముప్పై రోజులు ఆగండి. జవాబు రాకపోయినా, సగమే వచ్చినా ఆ తర్వాత ముప్పై రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే తొంభై రోజుల్లోపు కర్ణాటక సమాచార కమిషన్‌కి రెండోది. కారణం లేకుండా ఆలస్యం చేస్తే ఆ అధికారికి రోజుకి 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేయొచ్చు, అప్పీల్లో సమాచార హక్కు చట్టం సెక్షన్ 20ని తప్పకుండా ప్రస్తావించండి. జవాబు వస్తే మెజర్‌మెంట్ బుక్‌లో కాలువ పొడవు, లోతు ఎంత రాశారో చూసి, ఒక టేపు పట్టుకుని, పక్కింటివాళ్లని ఇద్దర్ని పిలిచి, వీధిలో కొలవండి. లెక్క తేడా వస్తే ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసి, ఫొటోలు జతచేసి, కమిషనర్‌కి అర్జీ పెట్టండి. ఆర్టికల్ 350 ఉంది కాబట్టి ఇది కావాలంటే తెలుగులోనే రాయొచ్చు, కింద కన్నడ అనువాదం ఒక పేజీ పెడితే చాలు.